పదమూడో పెట్టె, రెండో రంగు

చేర్చిన రోజు. సాయంత్రం ఏడు.

వేడి ముప్పై ఏడు. సీసా గాలి ముల్లు ఆరు మీద. రంగు మూడు.

పెట్టెలో మావి ఐదు పిండాలు. పిండాలను చూసుకునే స్వరూప మేడం గాజుకు కన్ను ఆనించి లెక్కపెట్టి చెప్పింది. నన్నూ చూడమంది. నాకు ఏమీ కనబడలేదు, అయినా తల ఊపాను.

ఈ పుస్తకంలో రోజుకు మూడు గడులు. పక్కన పెద్ద గడి ఒకటి ఉంది, దాని మీద 'ఇతర విషయాలు' అని అచ్చు వేశారు. అందులో ఏం రాయాలో మేడంను అడగాలనుకున్నాను, నోరు రాలేదు. చుట్టుపక్కల పుస్తకాలు చూస్తే అందరి గడీ ఖాళీగానే ఉంది. నేను ఐదో తరగతి వరకే చదివాను. అయినా నాకు మాట్లాడడం కంటే రాయడమే తేలిక.

మా పెట్టె నంబరు పదమూడు. బొగ్గు తీసే కాలంలో మా గది గనిలోని పంపుగది. రెండు వందల డెబ్బై మెట్లు దిగి రావాలి. ఐదు నుంచి పదమూడు వరకు తొమ్మిది పెట్టెలు, తొమ్మిది మంది ఆడవాళ్లం. పిండాన్ని కడుపులో పెట్టేదాకా ఆరు రోజులు ఎవరి పెట్టె పక్కన వాళ్లు ఉండాలి. పెట్టెకు తీగ తగిలించకూడదని చట్టం. వెనుకటికి ఎవరో తీగల గుండా పిండాల వివరాలు దొంగిలించి అమ్ముకున్నారట. అందుకే మనిషే చూడాలి, మనిషే రాయాలి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండున్నరకు, రాత్రి పదింటికి.

పెట్టె కిటికీ మూత ఎత్తి, రెండు అంకెలు లెక్కపెట్టేలోపు చూసి మూసేయాలి. ఎక్కువ వెలుతురు పిండాలకు పడదు. లోపల వాటి పక్కనే అదే ద్రవం ఒక చిన్న గుంటలో ఉంటుంది. సాక్షి చుక్క అంటారు. దాని రంగును కార్డుతో పోల్చాలి. ఒకటి పసుపు, ఐదు వంకాయ రంగు. మూడు లేత దానిమ్మ గింజ రంగు. మూడు ఉంటే పిండానికి హాయి.

మా అమ్మ వాళ్లది నూలుకు రంగులద్దే ఇల్లు. నూలు తొట్టిలోంచి ఎప్పుడు తీయాలో అమ్మ నన్నే అడిగేది. ఈ పని నాకు చేతనవుతుందని అనుకుంటున్నాను.

మొదటి రోజు. మధ్యాహ్నం.

పొద్దున మూడు. ఇప్పుడు రెండు.

మూత రెండుసార్లు ఎత్తకూడదు కాబట్టి ఒక్కసారే చూశాను. కానీ రంగు విషయంలో నా కన్ను తప్పదు. దానిమ్మ గింజలోకి పసుపు దిగింది. రెండు అని రాశాను.

గదిని చూసుకునే బుచ్చమ్మ పెద్దమ్మ నా వెనకే నిలబడి ఉంది. సాయంత్రం ప్రతి పేజీ మీద ముద్ర వేసేది ఆమే.

“ఎవ్వలన్న సొంత చేత్తోటి కీడు రాసుకుంటరా బిడ్డా?” అంది.

నేను తల వంచుకున్నాను.

“పిండం చెవిలేని చెవితోటి అన్నీ ఇంటది. మంచి రాస్తె మంచిగైతది. దిద్దు. మూడు పెట్టు.”

ఏడో పెట్టె ఆమె నవ్వింది. “కొత్తది గద పెద్దమ్మా, ఇంక కార్డుల అంకెలు సమజ్ కాలేదేమో.”

“సమజ్ అయినయి” అని నేను అన్నాను. ఎవరికీ వినబడలేదు.

దిద్దలేదు. దిద్దకపోవడం ధైర్యం వల్ల కాదు. కొట్టివేతలు ఉండకూడదని పుస్తకం అట్ట మీద రాసి ఉంది, దానికి భయపడ్డాను.

పన్నెండో పెట్టె ముబీనక్కది. ఆమెకు ఇది మూడోసారి. పక్కనే కూర్చుంటాం కాబట్టి ఆమె మూత ఎత్తినప్పుడు నాకూ కనబడింది. అదీ రెండే. ఆమె పెన్ను తీసి మూడు అని రాసింది. నా వైపు చూసి చూపు తిప్పుకుంది.

రాత్రి పదింటికి మళ్లీ మూడుకు వచ్చింది.

రెండో రోజు.

పొద్దున మూడు. మేడం ఎనిమిదింటికి వచ్చి లెక్కపెట్టింది. నాలుగే. ఒకటి పెరగకుండా ఆగిపోయింది. తొమ్మిదింటికల్లా ఆమె వేరే గదులకు వెళ్లిపోతుంది. మధ్యాహ్నం రంగు ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

మధ్యాహ్నం రెండు. రాశాను.

నాలుగింటికి బుచ్చమ్మ పెద్దమ్మ కేకేసింది. “కనకవ్వా, మీ ఓదెలు వచ్చిండు. జాలి కాడ నిలబడ్డడు, పో.”

మగవాళ్లు లోపలికి రాకూడదు. ఇనుప జాలికి అటువైపు మా ఆయన సజ్జరొట్టెల మూట పట్టుకుని ఉన్నాడు. ఆయనది పెద్ద పంకా దగ్గర పని. ఈ సొరంగాలన్నిటికీ గాలి ఆ పంకానే తోలుతుంది.

“ఎట్లున్నయే మన పొల్లగాండ్లు?”

“నాలుగు.”

మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తర్వాత, “నాలుగంటె తక్కువనా? మా అవ్వకు నలుగురమే. ఇల్లంత లొల్లి లొల్లి” అన్నాడు. నవ్వించాలని చూశాడు. నేను నవ్వాను కూడా.

ఎట్లాగో ధైర్యం కూడదీసుకుని అడిగాను. “మధ్యాహ్నం పూట నీ పంకా కాడ ఏమన్న మారుతదా?”

“మారుడేంది, రెండింటి సంది ఆరింటి దాక సగమే తిరుగుతది. పైన ఎండ మండే యాళ్ల గద, కరెంటంత పై అంతస్తుల చల్లమిషన్లకు గుంజుతరు. రెండేండ్ల సంది గిదే కత.”

“మరి గాలి?”

“మనిషికి ఏం గాదు. జర బరువుగ ఉంటది, అంతె. చెడుగాలి కిందికి దిగుతది. గాలి చూసే మా పరీక్ష దీపం కూడ సన్నగైతది.” మూట జాలి సందులోంచి తోశాడు. “ఎందుకడుగుతున్నవే?”

“ఊకెనే” అన్నాను.

పెట్టె తనంత తాను గాలి తయారు చేసుకోదు. గదిలో గాలి పీల్చి, అందులో సీసా గాలి కొలత ప్రకారం కలుపుకుంటుంది. గదిలో చెడుగాలి ముందే ఉంటే, దాని పైన సీసాలోని అదే గాలి కూడా కలిస్తే, ద్రవం పులుస్తుంది. పసుపు దిగుతుంది. రంగు తొట్టిలో పులుపు ఎక్కువైనా అంతే.

పెట్టె చెడిపోలేదు. గది చెడిపోతోంది, రోజూ నాలుగు గంటలపాటు. ఇది ఎవరికి చెప్పాలో తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మూడో రోజు. పొద్దున.

రెండే ఉన్నాయి.

మేడం లెక్కపెట్టడం అయ్యాక సంచిలోంచి చీటీ తీసి పైకి చదివింది. “పదమూడో పెట్టె అంకెలు గదిలోని మిగతా పెట్టెలతో సరిపోలడం లేదు. పెట్టెలో లోపం ఉన్నట్టు భావించి, రేపు ఉదయం తొమ్మిదింటికి పై అంతస్తుకు తరలించవలసినది.”

నా పుస్తకం వల్లనే. ఎనిమిది పుస్తకాల్లో మూడు ఉంది, నా ఒక్క పుస్తకంలో రెండు ఉంది.

ముబీనక్కే అడిగింది. “తీస్కపోవుడంటె ఎంత సేపు మేడం? మెట్లెక్కేటప్పుడు వేడి ఉంటదా దాంట్ల?”

“అర్ధగంట పడ్తది. బట్టల చుట్టి తీస్కపోతం. వేడి జర తగ్గుతది మరి.”

“తగ్గితె?”

“గీ మూడో దినం, నాలుగో దినం మస్తు నాజూకు. ఏం చెప్పలేం.” మేడం చెడ్డ మనిషి కాదు. నా భుజం తట్టింది. “రూలు అట్లున్నది. ఒక్క పెట్టె తేడా చూపెడితె ఆ పెట్టెను తీయాలె. గదిల సగం కంటె ఎక్కువ పెట్టెలు తేడా చూపెడితెనే సీసా తాళం తీసి ముల్లు నేను మార్చాలె.”

ఆమె వెళ్లాక బుచ్చమ్మ పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నా జుట్టు సవరించింది.

“నేను చెప్పిన గద బిడ్డా. ఇయ్యాల్టి నుంచి మూడు రాయి. రేపు ఆమె చూస్తది, బాగైందంటది, చీటీ చింపుతది. మస్తు మందికి గట్లనే అయింది.”

మూడో రోజు. మధ్యాహ్నం.

రంగు మూడు.

మూడు అని రాశాను. పైన ఉన్న గడిలో నా చేతి రాతే. చుక్క మాత్రం ఎప్పటికంటే పసుపుగా ఉంది. ఒకటికి దగ్గర.

ముబీనక్క చూసింది. “మంచిగ చేసినవ్” అంది. కానీ ఆ మాట అన్నప్పుడు సంతోషంగా లేదు.

రాత్రి మూడు. ఇది నిజం మూడు. రెండు మూడ్లూ పుస్తకంలో ఒకే తీరుగా ఉన్నాయి.

నాలుగో రోజు. పొద్దున.

ఒక్కటే ఉంది.

మేడం పుస్తకం తిప్పి అంకెల గడులే చూసింది, పక్క గడి చదవలేదు. “నిన్న మధ్యాహ్నం మూడు, రాత్రి మూడు, పొద్దున మూడు. బాగైంది గద! ఇగ కదిలియ్యను” అని చీటీ రెండు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. బుచ్చమ్మ పెద్దమ్మ నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. పెట్టె నాకు దక్కింది.

మేడం సంచి సర్దుకుని వెళ్లిపోయింది. నేను కూర్చున్నాను. తొమ్మిది అయింది. ఇంకో ఐదు గంటలకు పంకా సగానికి పడిపోతుంది. పెట్టె ఇక్కడే ఉంటుంది. ఆ ఒక్కటి నాలుగు గంటలపాటు ఆ పుల్లటి ద్రవంలో ఉంటుంది. నేను పక్కనే కూర్చుని మూడు రాస్తాను.

లేచి పరుగెత్తాను. చెప్పులు వేసుకోలేదు. మేడం అప్పటికి నలభై, యాభై మెట్లు ఎక్కేసింది.

“మేడం.”

ఆగింది.

“నేను అబద్ధం రాసిన. నిన్న మధ్యాహ్నం మూడు గాదు.”

ఆమె ముఖం మారిపోయింది. “ఇప్పుడు నీ పెట్టె తీయాల్సి వస్తది, తెల్సా?”

“తెల్సు.”

“మరెందుకు చెప్తున్నవ్?”

ఇంకో మెట్టు ఎక్కాను. “రెండున్నరకు రాండ్రి మేడం. కార్డు పట్టుకొని అన్ని పెట్టెలు మీరే చూడుండ్రి. పంకా సగం తిరుగుతది ఆ యాళ్లకు. నా పెట్టె ఒక్కటే గాదు.” నా జీవితంలో ఒక పరాయి మనిషితో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం అదే మొదలు.

మేడం సంచి భుజం మీదికి జరుపుకుంది. “వస్త. నీది ఒక్కటే తేడా ఉంటె మాత్రం అప్పటికప్పుడే తీస్కపోత. ఏడ్వద్దు మల్ల.”

నాలుగో రోజు. మధ్యాహ్నం.

ఇది కూర్చుని వెంటనే రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను మెట్లు దిగి వచ్చేసరికే గదిలో అందరికీ తెలిసిపోయింది. సొరంగంలో మాట దాగదు.

“నీ పెట్టె పోతె పోయింది, మా పెట్టెలు గూడ గుంజుకపోవాల్నా?” అని ఏడో పెట్టె ఆమె మీదికి వచ్చింది. “నోట్లె నాలుక లేదనుకున్న. ఉన్నది, మా కొంపలు ముంచెటందుకే ఉన్నది.”

“గొంతు తగ్గియ్యవే, పెట్టెలున్నయి” అంది ముబీనక్క.

“నువ్వేంది ఆమె దిక్కు మాట్లాడుతున్నవ్?”

“దిక్కు లేదు, తూర్పు లేదు. రెండుసార్లు మూడే రాసిన నేను. రెండుసార్లు ఒట్టి కడుపుతోటి మెట్లెక్కిన. మంచి రాస్తె మంచిగైతదంటె నాకు ఈ పాటికి బడికి పోయే పిల్లలుండాలె.”

తర్వాత ఎవరి పెట్టె దగ్గరికి వాళ్లు వెళ్లారు. నా అన్నం అట్లాగే ఉండిపోయింది.

రెండింటికి సైరన్ మోగింది. గోడలోని గాలి సందు దగ్గర కట్టిన గుడ్డపీలిక ఊగడం తగ్గి కిందికి వేలాడింది. రెండున్నరకు మేడం వచ్చింది. ఎవరితో మాట్లాడకుండా ఐదో పెట్టె దగ్గర మొదలుపెట్టింది. మూత ఎత్తి, చూసి, దించి, అంకె పైకి చెప్పింది.

“రెండు.”

ఆరో పెట్టె. “రెండు.”

ఏడో పెట్టె దగ్గర ఆ పెట్టె ఆమె అడ్డం నిలబడింది. మేడం చూసిన చూపుకు పక్కకు జరిగింది. “రెండు.”

తొమ్మిది పెట్టెలూ రెండే. నాది చివరిది. దాని దగ్గర మేడం మూత దించి అట్లాగే వంగి ఉండిపోయింది.

“రెండేండ్ల సంది” అంది మెల్లగా, “మేము ద్రవం మార్చినం, వేడి మార్చినం, సీసాలు తెప్పించే తావు మార్చినం. పదిట్ల రెండే నిలబడుతున్నయి, ఎందుకో సమజ్ గాలె. మీ పుస్తకాలు చూస్తె అంత మంచిగనే ఉన్నది.”

“ఇప్పుడు తాళం తీయుండ్రి” అంది ముబీనక్క.

“నేను చూస్తె సాలదు. మీ పుస్తకంల మీ చేత్తోటి ఉండాలె. పేజీ మీద ముద్ర ఉండాలె.”

ముబీనక్క పుస్తకం తెరిచి రెండు అని రాసింది. ఎనిమిదో పెట్టె ఆమె రాసింది. ఆరు, పదకొండు, ఐదు. ఒకరి తర్వాత ఒకరు. ఏడో పెట్టె ఆమె చివర రాసింది. రాసి, ఆ అంకె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

పుస్తకాలన్నీ బుచ్చమ్మ పెద్దమ్మ ముందు దొంతర పెట్టాం. ముద్ర డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది. మూత తీయలేదు.

“మేడం, రెండేండ్లల్ల ఈ గదిల ఎన్ని ఆగినయి?”

“లెక్క పైన ఉంటది పెద్దమ్మా.”

“నాకు తెల్సు లెక్క” అంది. “ఒక్కొక్కల పేరు తెల్సు నాకు. ఒక్కొక్కల పక్కన కూసొని నేనే చెప్పిన, మూడు రాయి బిడ్డా అని.”

నేను వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చున్నాను.

ఆమె డబ్బా తెరిచింది. తొమ్మిది ముద్రలు వేసింది. నా పుస్తకం మీద ఎంత గట్టిగా అదిమిందంటే సిరా వెనక పేజీకి దిగింది. ఇది ఆ వెనక పేజీనే. ఈ మాటలు ఆ మరక చుట్టూ రాస్తున్నాను.

మేడం తాళం తీసి తొమ్మిది సీసాల ముళ్లూ ఆరు నుంచి ఐదుకు దించింది. మధ్యాహ్నం ఐదు, సాయంత్రం పంకా పుంజుకోగానే మళ్లీ ఆరు. అది మేము ఎప్పటికప్పుడు చూసి చెప్పాలి.

నాలుగింటికి మేడం అనుమతితో ఒక్కసారి చూశాను. పసుపు విరిగి దానిమ్మ రంగు వస్తోంది. రెండుకు, మూడుకు నడుమ. కార్డులో అట్లాంటి అంకె లేదు. రెండున్నర అని రాశాను.

ఐదో రోజు.

వేడి ముప్పై ఏడు. రంగు పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు. మధ్యాహ్నపు మూడును ముబీనక్క కూడా చూసింది, నేను కూడా ఆమెది చూశాను. ఇప్పుడు ఒకరివి ఒకరం చూసుకుని రాస్తున్నాం.

ముబీనక్క పిండాలు మూడు నిలబడ్డాయి. ఐదో రోజు దాకా మూడు నిలవడం ఈ గదిలో తను చూడలేదని మేడం అంది. ముబీనక్క నా చెయ్యి పట్టుకుంది. నాకు నొప్పి పుట్టేంత గట్టిగా.

నాది ఒక్కటీ ఉంది. కానీ వెనకబడింది. ఈపాటికి లోపల నీటిబుగ్గలా ఖాళీ ఏర్పడాలట. ఇంకా ముద్దగానే ఉంది. “రేపటి దాక చూద్దాం” అంది మేడం. ఆ మాట ఏ అంకె కిందికి వస్తుందో నాకు తెలియలేదు.

ఆరో రోజు.

బుగ్గ వచ్చింది. చిన్నది.

మేడం నన్ను జాలి దగ్గరికి పిలిపించింది. మా ఆయనా వచ్చాడు. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. “ఇది మూడు మధ్యాహ్నాలు చెడుగాలి తిన్నది. బలంగ లేదు. వద్దనుకుంటె ఆర్నెల్లకు మల్లొక్క వంతు ఇప్పిస్త. కొత్త కొలతతోటి, మొదటి దినం సంది మంచిగ చేద్దాం. ఇప్పుడు ఇదే కడుపుల పెట్టి నిలవకపోతె, మీ వంతు అయిపోయినట్టే. మల్ల రెండేండ్లు ఆగాలె. మీరే చెప్పుండ్రి.”

మా ఆయన నా వైపు చూశాడు. “నువ్వు చూసినదానివి. నేను చూడలె. నువ్వేదంటె గదే.”

నిజానికి నేనూ దాన్ని ఎన్నడూ చూడలేదు. దాని పక్కనున్న చుక్కనే చూశాను. కానీ నాలుగు ఆగిపోయిన చోట అది ఆగలేదు. బలమంటే ఏమిటని పుస్తకాల్లో రాశారో నాకు తెలియదు.

“దీన్నే పెట్టుండ్రి” అన్నాను.

“ఆలోచించుకో—”

“దీన్నే మేడం.”

మధ్యాహ్నం. పెట్టడం అయిపోయింది. ఒక గంట కదలకుండా పడుకోమన్నారు. పెట్టెను కడిగి బోర్లించారు. ముప్పై ఏడు వేడిలో ఉండే పని ఇప్పుడు నాది. నిలిచిందో లేదో పన్నెండు రోజులకు గానీ తెలియదట.

ఆ పన్నెండు రోజులకు ఈ పుస్తకంలో గడులు లేవు. పడుకునే, పుస్తకం పొట్ట మీద పెట్టుకుని, చేతి వేలును కొలతగా పెట్టి నేనే గీతలు గీసుకున్నాను. కొన్ని వంకర పోయాయి. పన్నెండు వరసలు, వరసకు మూడు గడులు.

మొదటి వరస. వేడి: తెలియదు. గాలి: నేను పీల్చేదే. రంగు: కనబడదు.